కొత్తనోట్ల పరామర్శ

"ధనానికి చెవులున్నాయి" అని కనెతొమి గురువుగారు గిఫు పట్టణంలో ఒక వర్తక భవనం మూడో అంతస్తు నుంచి శనివారం మధ్యాహ్నం లోకానికి ప్రకటించారు.

మనుషులు ఇన్ని వేల ఏళ్లుగా డబ్బుతో కాపురం చేస్తున్నా ఈ సంగతి ఇంతవరకూ ఎవరూ కనిపెట్టకపోవడం వింతే. మడత కుర్చీల్లో కూర్చున్న ఇరవై నలుగురూ తమ తమ పర్సుల వంక భయంగా చూసుకున్నారు. ఇన్నాళ్లూ వాటి ఎదుట ఏమేం కూశారో గుర్తొచ్చి కొందరి ముఖాలు పాలిపోయాయి.

"దాని ఎదుట 'అమ్మో, ఎంత ధర' అన్నారా, అలుగుతుంది. 'చాలడం లేదు' అన్నారా, గడప దాటుతుంది. అలిగిన అల్లుణ్ణి బతిమాలి తెచ్చుకోవచ్చు. అలిగిన పదివేల నోటును తెచ్చుకోలేరు" అన్నారు గురువుగారు.

ఇరవై ముగ్గురు రాసుకున్నారు. ఇరవై నాలుగో మనిషి షియొరి. ఆమె రాసుకోలేదు. ఉచిత పరిచయ తరగతి కాబట్టి టీతోపాటు పెట్టిన ఎర్రచిక్కుడు స్వీటు తింటోంది. చాలా బాగుంది. ఇంకోటి అడిగితే బాగుండదేమోనని ఆలోచిస్తూ, పక్కన కూర్చున్న మొగుడి పళ్లెంలోది కూడా తినేసింది. మొగుడు గమనించలేదు. అతను రాసుకుంటున్నాడు.

మొగుడి పేరు కెంగొ. పెళ్లయి అప్పటికి రెండు నెలలు. స్నానపు తొట్లు అమ్మే కంపెనీలో ఉద్యోగం. ఊళ్లో వాళ్లందరికీ కాళ్లు బారజాపుకుని పడుకోగలిగే తొట్లు అమ్మి ఇంటికొచ్చి, తాను మాత్రం మోకాళ్లను గడ్డానికి ఆనించుకుని స్నానం చేసేవాడు. ఆ అద్దె ఇంటి తొట్టి అంత చిన్నది. అందులోకి దిగినవాళ్లకు తమ మోకాళ్లతో తప్ప మాట్లాడే దిక్కులేదు.

అందుకే పెళ్లిలో వచ్చిన కవర్ల డబ్బులోంచి నాలుగు లక్షల యెన్లు తీసి ఒక టీ డబ్బాలో దాచారు. ఫిబ్రవరిలో గెరొ వేడినీటి బుగ్గలకు వెళ్లాలి. మూడు రాత్రులుండాలి. గదికి సొంతంగా రాతి తొట్టి ఉన్న సత్రం. మీద మంచు పడుతూంటే కింద నీళ్లు పొగలు కక్కుతుంటాయి. కాళ్లు చాపుకోవచ్చు. ఇద్దరూ ఒకేసారి చాపుకోవచ్చు. ఆ సత్రంవాళ్ల కరపత్రాన్ని షియొరి ప్రతి ఆదివారం పైకి చదివేది. 'తువ్వాళ్లు ఇవ్వబడును' అన్న వాక్యం వచ్చేసరికి ఆమె గొంతు వణికేది. మునిసిపల్ లైబ్రరీలో పనిచేస్తుంది కాబట్టి చదవడంలో మంచి అనుభవం ఉంది.

ఆ పరిచయ తరగతి తరువాత వాళ్ల సంసారం సంస్కరణల పాలైంది.

మొదటి సంస్కరణ పర్సు. మనిషి ఏడాది సంపాదన అతని పర్సు ధరకు రెండువందల రెట్లుంటుందని గురువుగారి సిద్ధాంతం. కెంగొ అరవై వేలు పెట్టి పొడుగాటి తోలు పర్సు కొన్నాడు. అంటే ఏడాదికి కోటీ ఇరవై లక్షలు రావాలి. ప్రస్తుతానికి ఆ పర్సులో నాలుగు నోట్లున్నాయి. నాలుగింటి ముఖాలూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. మడతపడ్డ నోటుకు ఆత్మగౌరవం ఉండదు గనుక బ్యాంకుకెళ్లి పాతవి ఇచ్చి కొత్తవి తెచ్చాడు.

రెండోది పడక. పగలంతా పనిచేసిన పర్సు రాత్రికి విశ్రాంతి తీసుకోవాలట. రెండరచేతులంత పరుపూ, దానికో పట్టు దుప్పటీ షియొరే కుట్టింది. నిజం చెప్పాలంటే సరదాగానే కుట్టింది. అంచుకు చిన్న చిన్న పువ్వులు కూడా వేసింది. తీరా చూస్తే ఆ ఇంట్లో అన్నిటికన్నా మందమైన పరుపు పర్సుదే అయింది.

మూడోది పలకరింపు. డబ్బు ఇంటికొస్తే స్వాగతం చెప్పాలి. బయటికి పోతుంటే ప్రేమగా సాగనంపాలి. "వెళ్లి రండి. మళ్లీ రండి. వచ్చేటప్పుడు మీవాళ్లందర్నీ వెంటబెట్టుకు రండి." ఇది పైకి చెప్పాలి. మనసులో అనుకుంటే చెల్లదు. చెవులున్నాయి గానీ డబ్బుకు దివ్యదృష్టి లేదు. రైల్వే స్టేషన్ టిక్కెట్టు యంత్రం ముందు కెంగొ ఈ మంత్రం చదువుతుంటే వెనకాల వరసలో ఉన్నవాళ్లు పక్క యంత్రానికి పోయేవాళ్లు.

ఇంతవరకూ షియొరి నవ్వుకుంటూనే ఉంది. నాలుగో సంస్కరణకు నవ్వు ఆగింది.

"నా కట్లెట్ కార్డేది?" అని ఒక శుక్రవారం అడిగింది.

సందు చివర మాంసం కొట్లో వేడివేడి ఆలూ కట్లెట్లు వేయిస్తారు. శుక్రవారం సాయంత్రం రెండు కొని, కాగితంలో చుట్టించుకుని, ఇల్లు చేరేలోగా నడుస్తూ తినడం ఆమె వారానికంతటికీ పండగ. కొన్నప్పుడల్లా కార్డు మీద ఒక ముద్ర. పది ముద్రలకు ఒక కట్లెట్ ఊరికే.

"పారేశాను. అలాంటి కార్డులు పర్సులో ఉంటే నోట్లు ఇబ్బంది పడతాయి" అన్నాడు కెంగొ.

"తొమ్మిది ముద్రలు పడ్డాయి దానిమీద."

"షియొరీ, ఊరికే వచ్చేదానికోసం కాచుక్కూర్చోడం దరిద్రపు మనసు. పాత్ర పెద్దది కావాలి మనకి. పాత్ర పెద్దదైతేనే పాత్రత."

"కట్లెట్ పట్టేంత పాత్ర నాకుంది. అది చాలు."

"అదిగో, 'చాలు' అన్నావు. 'చాలు' అంటే వినేది ఏమనుకుంటుంది?"

"చాలనుకుంటుంది" అంది షియొరి.

తరువాత రెండో మెట్టు శిక్షణ వచ్చింది. పేరు 'విత్తపాత్ర విస్తరణ'. రుసుము మూడు లక్షల ఎనభై వేలు. ఈ అంకె గురువుగారికి ధ్యానంలో తట్టిందని చెప్పారు. అంతకుముందు వారం ఆయన అందరిచేతా ఒక కాగితం నింపించారు. అందులో ఆఖరి ప్రశ్న ఇది: 'ముట్టుకోవడానికి మీరు భయపడుతున్న సొమ్ము ఎంత?' అందరూ నిజాయితీగా రాశారు. ఆ మీదటే గురువుగారికి ధ్యానం కుదిరింది. ఇరవై ముగ్గురిలో పదకొండుమంది చేరతామన్నారు.

"గెరొ అంటే ఖర్చు, షియొరీ. ఇది విత్తనం" అన్నాడు కెంగొ టీ డబ్బాను ఒళ్లో పెట్టుకుని.

"విత్తనంలో కాళ్లు చాపుకుని కూర్చోగలమా?"

"ఎప్పుడూ నీకు వేళాకోళమే."

"నాలుగు నెలల్నించీ రోజూ మోకాళ్లతో మాట్లాడుతున్నాను. వేళాకోళం కాక ఏం మిగుల్తుంది?"

కెంగొ నవ్వలేదు. డబ్బా మూతను తిప్పుతూ చెప్పాడు. "మా నాన్న లాండ్రీ కొట్టు నడిపేవాడని చెప్పానుగా. నెల మొదట్లో కొట్టు యజమాని అద్దెకొచ్చేవాడు. ఆయన అడుగుల చప్పుడు వినగానే నాన్న లైట్లార్పేసేవాడు. ఇంట్లో ఎవరూ లేనట్టు కూర్చునేవాళ్లం. ఒకసారి సరిగ్గా నూడుల్స్ తింటుండగా వచ్చాడు. చప్పుడు చెయ్యకుండా తినమన్నాడు నాన్న. చప్పుడు చెయ్యకుండా నూడుల్స్ తిని చూడు ఎప్పుడైనా. ఏడుపొస్తుంది. నాకు డబ్బంటే ఆ భయం పోవాలి. అంతే."

షియొరి దగ్గరికి జరిగింది. అతని జుట్టు సవరించింది. "ఆదివారం దాకా గడువుందిగా. ఆదివారం చూద్దాం" అంది. గెరొ మంచు అప్పటికే కరగడం మొదలైందని ఆమెకు తెలుసు.

గురువారంనాడు గురువుగారి తల్లి పోయారు. తొంభై ఒక్క ఏళ్ల మనిషి. ఊరి పాత పేటలో టోఫు కొట్టు నడిపిన ఆవిడ. శిష్యులందరి ఫోన్లకూ గురువుగారి నుంచి ఈ సందేశం వచ్చింది:

'మాతృమూర్తి పరమపదించారు. అయినను విత్తప్రవాహము ఆగరాదు. రెండవ మెట్టు సాధకులు తమ రుసుమును శనివారం పదకొండు గంటలకు అంత్యక్రియల వద్ద సంతాపపు కవరులో సమర్పించవచ్చును. ఇది సాధకుల సౌకర్యార్థము. కవరుపై 'శిక్షణ' అని గాని, 'రుసుము' అని గాని రాయరాదు. రసీదు అడుగుట అల్పపాత్రుల లక్షణము.'

కెంగొ రెండుసార్లు చదివి కళ్లు తుడుచుకున్నాడు. "అంత దుఃఖంలోనూ మన సౌకర్యం చూస్తున్నారు" అన్నాడు.

"సంతాపపు కవర్లో ఫీజేమిటి?" అంది షియొరి. "చావు డబ్బు మీద పన్నుండదనా?"

"పెద్దవాళ్లననకు."

"సరే, అనను. నోట్లు ఏవి పెడతావు?"

"కొత్తవే. బ్యాంకు నుంచి తెచ్చి ఉంచానుగా."

షియొరి చేతిలో గరిటె ఆగిపోయింది. "చావింటికి కొత్త నోట్లా? పెళ్లికి కొత్తవి, చావుకి పాతవి. ఇది బడికెళ్లని పిల్లలకు కూడా తెలుసు. పరపరలాడే నోట్లు పట్టుకెళ్తే ఏమనుకుంటారు? ఆవిడ ఎప్పుడు పోతుందా అని ముందే బ్యాంకుకెళ్లి సిద్ధం చేసుకున్నారనుకోరూ?"

"నిజమే" అన్నాడు కెంగొ. పాపం, అతనూ మంచి ఇంట్లో పుట్టినవాడే.

"పోనీ కొత్తవే పెట్టు. మధ్యకి ఒక మడత పెట్టు. అందరూ అదే చేస్తారు. నోటు ముఖం కిందకి పెట్టాలి, దుఃఖంతో తలదించుకున్నట్టు. అదీ మర్చిపోకు."

మడతా? అదీ ముఖం కిందకా? రెండు మహాపాతకాలు ఒకే కవర్లో. కెంగొ గబుక్కున లేచాడు. గురువుగారి సహాయకుడు ఉరబెకు ఫోన్ చేశాడు. ఉరబె అరనిమిషం ఆలోచించి, ఫైలు మీద సంతకం పెడుతున్న అధికారిలా తీర్పు చెప్పాడు. "విషయం పరిశీలించబడింది. సంతాపం తాత్కాలికం. సూత్రం శాశ్వతం. నోట్లు కొత్తవిగాను, ముఖాలు పైకిగాను ఉంచవలెను. సాగనంపు మంత్రం విధిగా చదవవలెను. మినహాయింపులు లేవు."

"మంత్రం కూడానా?" అంది షియొరి, ఫోన్లో వినబడేలా.

"విధిగా" అన్నాడు ఉరబె.

శనివారం చలి కొరుకుతోంది. పాత పేట సంఘం హాల్లో అంత్యక్రియలు. గుమ్మం పక్కనే బల్ల వేసి, పేట సంఘం ముసలమ్మలు నలుగురు సంతాపపు కవర్లు తీసుకుంటున్నారు. అసలు ఆ బల్ల దగ్గర ఉరబె కూర్చోవాలని గురువుగారి ఏర్పాటు. ఉరబె పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు కూడా. కానీ ఆ పేటలో ఎవరు పోయినా బల్ల దగ్గర కూర్చునేది పేట ఆడవాళ్లే. వాళ్లొచ్చి, "నువ్వెవరు నాయనా, గొడుగులు చూసేవాడివా?" అని అడిగి, అతను జవాబు చెప్పేలోగా గొడుగుల స్టాండు పక్కన నిలబెట్టారు. ఆ రోజు వాన లేదు. ఉరబె ఒక్క గొడుగుకూ లెక్క చెప్పనక్కర్లేకుండా నిలబడ్డాడు.

సాధకులు పదకొండుమంది నల్లబట్టల్లో వరసగా వచ్చారు. అందరికన్నా ముందు బ్యూటీ పార్లర్ నడిపే సవగుచిగారు. ఆమె రెండు చేతులా కవరు అందించింది. ముప్పై ఎనిమిది నోట్లు పట్టేసరికి నలుపూ తెలుపూ దారాలు కట్టిన ఆ కవరు నిండు చూలాలిలా ఉంది. సవగుచిగారు దాన్ని వదలకుండా, ప్రేమగా దాని మొహంలోకి చూస్తూ, హాలంతా వినబడేలా అంది:

"వెళ్లి రండి. మళ్లీ రండి. వచ్చేటప్పుడు మీవాళ్లందర్నీ వెంటబెట్టుకు రండి."

లోపల మంత్రాలు చదువుతున్న పూజారి గొంతు ఒక్క క్షణం తడబడింది.

చావింట్లో 'మళ్లీ' అన్న మాట ఎవరూ పలకరు. నోరు జారి పలికితే నాలిక కరుచుకుంటారు. బల్ల దగ్గరి ముసలమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాపం, దుఃఖంలో మతి చలించి ఉంటుందని సరిపెట్టుకున్నారు. రెండో సాధకుడొచ్చాడు. కవరిచ్చాడు. "మళ్లీ రండి. మీవాళ్లందర్నీ వెంటబెట్టుకు రండి." మూడో ఆయన మరీ భక్తుడు. "త్వరగా రండి" అని కూడా కలిపాడు.

ముసలమ్మల్లో పెద్దావిడ లేచి నిలబడింది. "ఎవర్ని తీసుకురమ్మంటున్నావయ్యా? ఈ పేటలో ఎనభై దాటినవాళ్లం పద్నాలుగుమందిమే మిగిలాం. ఏం, కళ్లు కుట్టాయా?"

"మిమ్మల్ని కాదండీ, నోట్లని."

"నోట్లకి చావేమిటయ్యా?"

ఐదో మనిషి కెంగొ. వెనకనుంచి షియొరి అతని నడుం మీద గిల్లింది. అతను కవరిచ్చాడు. పెదవులు కదిలాయి. పైకి చెప్పాలని నియమం. పెద్దావిడ ముఖం చూస్తే నోరు రావడంలేదు. చివరికి "వెళ్లి..." అని ఆగాడు.

"నీక్కూడా అదే జబ్బా నాయనా?" అంది పెద్దావిడ. "చూడ్డానికి బుద్ధిమంతుడిలా ఉన్నావే. ఏమ్మా, ఈయన నీ మొగుడా?"

"అవునండీ. ఈమధ్యనే పట్టుకుంది" అంది షియొరి.

మిగతావాళ్లూ కవర్లు ఇచ్చేసరికి, ఈ గోలకు లోపలినుంచి కినుయొ వచ్చింది. గురువుగారి అక్క. తల్లిని ఆఖరిదాకా చూసుకున్నదీ, టోఫు కొట్టు నడుపుతున్నదీ, ఇవాళ కర్మ నడిపిస్తున్నదీ ఈవిడే. అరవై అయిదేళ్లుంటాయి. చన్నీళ్లలో చేతులు నాని నాని వేళ్లు ఎర్రగా ఉన్నాయి. పెద్దావిడ చెప్పిందంతా విని, ఒక కవరు తీసి చూసింది. లోపల కొత్తగా పరపరలాడుతూ ముప్పై ఎనిమిది ముఖాలు ఆమెవంకే చూస్తున్నాయి. రెండోది విప్పింది. అవే ముఖాలు. మూడోదీ అంతే.

"పదకొండూ ఇంతేనమ్మా" అంది పెద్దావిడ మెల్లగా. "ఎన్నాళ్లనించి కాచుక్కూర్చున్నారో మరి."

కినుయొకు కోపం వస్తుందని షియొరి భయపడింది. కోపం రాలేదు. కళ్లల్లో నీళ్లొచ్చాయి. "మీరంతా అమ్మ దగ్గర టోఫు కొనేవాళ్లా? ఇంత అభిమానమా? ఒక్క మనిషి మూడు లక్షల ఎనభై వేలా? మాకు కొట్టుమీద ఆర్నెల్లకు రాదే" అంది.

సాధకులు నేలవైపు చూశారు. అంతలో సవగుచిగారికి చదువు గుర్తొచ్చింది. "మీ అమ్మగారు కూడా రోజూ డబ్బుతో మాట్లాడేవారా అండీ?" అని అడిగింది.

"తీరికెక్కడిది తల్లీ? కొనడానికొచ్చినవాళ్లు మాట్లాడుతుంటేనే సరిపోయేది" అంది కినుయొ. "అంచులు విరిగిన టోఫు ఉంటుంది చూడండి, అది అమ్మేది కాదు. పిల్లలున్నవాళ్లకి ఊరికే వేసేసేది. వచ్చిన చిల్లర ఒక బకెట్లో పడేసేది. అందులో మా పిల్లి తల పెట్టి పడుకునేది." ఆమె కొంగు లేని నల్లబట్ట అంచుతోనే కళ్లొత్తుకుని పదకొండు కవర్లనూ పెట్టెలో సర్దింది. పెట్టె చంకన పెట్టుకుని పక్క వసారాలోంచి లోపలికి నడిచింది.

సరిగ్గా అప్పుడు కనెతొమి గురువుగారు ఆ వసారాలో ప్రత్యక్షమయ్యారు. నిజానికి పరిగెత్తుకొచ్చారు. మేజోళ్లతో నున్నటి చెక్కనేల మీద పరిగెత్తడం వల్ల రెండు గజాలు అదనంగా జారి గోడకు ఆనుకుని ఆగారు. చెయ్యి తెరిచి ఉంచేవాడి దగ్గరికే ధనం వస్తుందనేది ఆయన ఉపదేశం. ఆయన రెండు చేతులూ తెరిచే ఉన్నాయి.

"అక్కా, ఆ పెట్టె ఇలా ఇవ్వు."

"ఎందుకురా మొసుకే?"

కనె అంటే ధనం, తొమి అంటే సంపద. ఇది గురువుగారు తనకు తాను పెట్టుకున్న పేరు. అమ్మ పెట్టింది మొసుకె. శిష్యులు వినడం ఇదే మొదటిసారి.

"అందులో పదకొండు కవర్లు నావి" అన్నారు గురువుగారు గొంతు తగ్గించి.

"నీకెందుకిస్తార్రా సంతాపం? నువ్వింకా బతికే ఉన్నావుగా."

"అది సంతాపం కాదక్కా."

"మరేమిటి?"

"నలభై ఒక్క లక్షల ఎనభై వేలు" అన్నారు గురువుగారు.

పదకొండును మూడు లక్షల ఎనభై వేలతో హెచ్చవెయ్యడానికి ఆయనకు రెప్పపాటు పట్టలేదు. సాధకులు తెల్లబోయారు. 'లెక్కపెట్టేవాడు లేనివాడు' అని మొదటి మెట్టు మూడో పాఠంలో ఆయనే వాళ్లచేత రాయించారు. కెంగొ అయితే పచారీ చీటీలు కూడా చూడకుండా పారేస్తున్నాడు రెండు నెలలుగా.

వసారా చివర కుర్చీలో ఒక ముసలాయన కునుకుతున్నాడు. పోయినావిడ తమ్ముడు, హెయ్‌జి మామయ్య. ఎనభై నాలుగేళ్లు. చెవి మిషను పెట్టుకుంటాడు. ఇందాకటినుంచి పూజారి గంట కొడుతున్నా కదల్లేదు. ధనానికి చెవులున్నాయో లేదో గాని, ధనం పేరెత్తగానే హెయ్‌జి మామయ్యకు చెవులొచ్చాయి. ఆయన ముప్పై ఎనిమిదేళ్లు పన్నుల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు.

"ఏమన్నావురా మొసుకే? నలభై ఒక్క లక్షలా?"

"ఏం లేదు మామయ్యా. నువ్వు పడుకో."

"పడుకోడానికి ఇవాళ మీ అమ్మ ఉందిగా. నేను లేచే ఉంటాను." ముసలాయన కర్ర ఊతంగా లేచి వచ్చాడు. పెట్టెలోకి తొంగిచూశాడు. ఒక కవరు పైకి తీసి, దాన్ని అటూ ఇటూ తిప్పి, ముప్పై ఎనిమిదేళ్ల అనుభవంతో వాసన చూశాడు. "ఒక్క ముక్క చెప్పు నాయనా. ఇది సంతాపమా, ఆదాయమా?"

"అంటే..."

"అంటే లేదు, గింటే లేదు. రెండే గళ్లు. సంతాపమైతే పైసా పన్ను లేదు. కర్మ నడిపించే మనిషికి చెందుతుంది. అంటే మీ అక్కకి. ఆదాయమైతే నిక్షేపంగా నీదే. ఇప్పుడే ఈ పదకొండుమందికీ రసీదులు రాసివ్వు. కిందటేడు వసూళ్లకి కూడా రాసే ఉంటావుగా. సోమవారం మా పాత ఆఫీసుకి కబురు చేస్తాను, కుర్రాళ్లు వచ్చి చూసిపోతారు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లే. మంచి పిల్లలు. బల్లల కింద కూడా చూస్తారు."

 బల్ల దగ్గరి నలుగురు ముసలమ్మలూ, గొడుగుల్లేని ఉరబె, పదకొండుమంది సాధకులూ గురువుగారి వంకే చూస్తున్నారు. తెరిచిన తలుపులోంచి పూలమధ్య తల్లి ఫోటో కనబడుతోంది. టోఫు కొలిచి ఇచ్చేటప్పుడు తీసిన ఫోటో కాబోలు, ఆవిడ కూడా ఏదో అడుగుతున్నట్టే ఉంది. గురువుగారు ఫోటోను చూశారు. పెట్టెను చూశారు. మామయ్యను చూశారు. ఆయన పెదవులు లోలోపల ఏదో హెచ్చవేతా, తీసివేతా చేసుకుంటున్నాయి.

"సంతాపమే" అన్నారు చివరికి.

"వినబడలేదురా. మిషను పాతది."

"సంతాపమే మామయ్యా."

"అలా చెప్పు. అమ్మ సంతోషిస్తుంది" అని ముసలాయన మళ్లీ కుర్చీ చేరాడు.

కినుయొ అమాయకురాలు కాదు. చిల్లర లెక్కలో ఒక్క యెన్ తేడా వస్తే పసిగట్టే మనిషి. తమ్ముడి ముఖం చూసింది, సాధకుల ముఖాలు చూసింది, కొంత అర్థమైంది, మిగతాది అడగదలచుకోలేదు. "సంతాపమే అయితే మర్యాద ప్రకారం జరిగిపోవాలి. తీసుకున్నదాంట్లో సగం విలువ తిరిగి ఇవ్వాలి. నలభై తొమ్మిదో రోజు వెళ్లాక మీ అందరి ఇళ్లకూ కానుకల పుస్తకం పంపిస్తాను. మీకు కావలసింది అందులోంచి ఎంచుకోండి. మిగతా సగంతో అమ్మ కొట్టుకి కొత్త బాయిలర్ వేయిస్తాను. పాతది పదేళ్లుగా ఏడుస్తోంది" అంది.

సాధకులు వంగి నమస్కారాలు చేశారు. అంతకన్నా ఏంచెయ్యాలో పాఠాల్లో లేదు.

షియొరి ఆగలేకపోయింది. చావింట్లో అడగదగ్గ మాట కాదని తెలుసు. అయినా మెల్లగా కినుయొ దగ్గరికి జరిగి, "అక్కా, ఆ పుస్తకంలో వేడినీటి బుగ్గల సత్రాలు ఉంటాయా?" అని అడిగింది.

కినుయొ ఆమెను ఎగాదిగా చూసింది. ఆ రోజు మొదటిసారి ఆమె ముఖంలో నవ్వులాంటిదేదో కదిలింది. "కొత్తగా పెళ్లయిందా?"

"నాలుగు నెలలు."

"ఉంటాయిలే. వెనక పేజీల్లో చూడు."

షియొరి పరుగులాంటి నడకతో కెంగొ దగ్గరికొచ్చింది. అతను ఇంకా గోడవంక, గురువుగారు జారి ఆగిన చోటువంక చూస్తూ నిలబడి ఉన్నాడు. "మూడు ఎనభైలో సగం ఎంత?" అంది చెవిలో.

రెండు నెలల్లో మొదటిసారి కెంగొ లెక్కపెట్టాడు. వేళ్లు మడిచి మరీ లెక్కపెట్టాడు. "లక్షా తొంభై. మూడు రాత్రులు పోయి ఒకటిన్నర అవుతుంది."

"ఆ అర రాత్రికి వాళ్లతో బేరమాడదాం."

"మార్చి వచ్చేస్తుంది. అప్పటికి మంచుండదు షియొరీ."

"నీళ్లుంటాయిగా" అంది ఆమె.

కెంగొ ఆమెవంక చూశాడు. ఎందుకో అతనికి నవ్వొచ్చింది. చావింట్లో నవ్వకూడదని గుర్తొచ్చి, దాన్ని దగ్గుగా మార్చడానికి ప్రయత్నించాడు. కుదరలేదు. పెద్దావిడ చూసి, "పాపం, కుర్రాడికి దుఃఖం ఆగడంలేదు" అని పక్కావిడతో అంది.

కర్మ ముగిశాక ఆచారం ప్రకారం ఇంటివాళ్లు గుమ్మం దగ్గర వరసగా నిలబడి, వెళ్లేవాళ్లకు ఒక్కొక్కరికీ తలవంచి కృతజ్ఞతలు చెప్పారు. మొదట కినుయొ, ఆమె పక్కన హెయ్‌జి మామయ్య, ఆ పక్కన గురువుగారు. అక్కా మామయ్యా కళ్లముందే ఆయన పదకొండుసార్లు వంగవలసి వచ్చింది. ఒక్కో వంపులోనూ ఆయన ఏదో గొణుగుతున్నట్టు షియొరి గమనించింది. సవగుచిగారు ఆ గొణుగుడు విని తుళ్లిపడి గబగబా మెట్లు దిగిపోయింది.

కెంగొ వంతు వచ్చింది. గురువుగారు తలవంచి, ఆ వంచిన తలతోనే, పెదవులు కదలకుండా అడిగారు. "నాయనా, ఆ రుసుము ఇంకొకసారి కట్టగలవా? వాయిదాలైనా ఫర్వాలేదు. పాత నోట్లయినా ఫర్వాలేదు."

కెంగొ గురువుగారి కన్నా కిందికి వంగాడు. చిన్నప్పుడు తల్లిదండ్రులు నేర్పిన సకల మర్యాదలతోనూ, గొంతులో ఎక్కడా తొణకకుండా, పరామర్శకు వచ్చినవాళ్లంతా అనవలసిన మాటే అన్నాడు.

"ఇది తీరని లోటు, గురువుగారూ."